వ్యంగ్యం ఏ అర్థంలో? – ఆంగ్ల సాహిత్య పరిభాషకు తెలుగు సమానార్థకాలు

ప్రాచ్యకళాశాలలో చదివే విద్యార్థి ఉదయం మొదటి గంటలో కావ్యప్రకాశం ముందు కూర్చుంటాడు. అర్థం వాచ్యమని, లక్ష్యమని, వ్యంగ్యమని మూడు విధాలని, వాచ్యాన్ని మించి వ్యంగ్యం ప్రకాశించే కావ్యం ఉత్తమమని, దానినే ధ్వని అన్నారని మమ్మటుని మతం వింటాడు. అదే విద్యార్థికి మధ్యాహ్నం ఆధునిక సాహిత్య విమర్శ పాఠంలో 'కన్యాశుల్కంలో వ్యంగ్యం' అనే శీర్షిక ఎదురవుతుంది. అక్కడ వ్యంగ్యమంటే గిరీశం మాటలకూ చేతలకూ గల వైరుధ్యం. ఆంగ్ల విమర్శకులు ఐరనీ అనే గుణం. సాయంత్రం వార్తాపత్రిక తెరిస్తే వ్యంగ్యచిత్రం కనబడుతుంది. అక్కడ వ్యంగ్యానికి అర్థం ఎగతాళి. ఒక్క పగటిపూటలో ఒక్క మాట మూడు వేషాలు కట్టింది. వీటిలో ఏది శాస్త్రం, ఏది వాడుక, ఏది అనువాదం అని చెప్పేవారు లేకపోతే విద్యార్థి తనకు తోచినట్లు కలుపుకుంటాడు. ధ్వనికావ్యమంటే ఎత్తిపొడుపు ఎక్కువగా ఉండే కావ్యమని జవాబుపత్రంలో వ్రాసేవానిని చూసి నవ్వడం తేలికే గాని, ఆ తప్పులో సగం అతనికి పాఠం చెప్పినవారిది.

ఆంగ్ల సాహిత్యంలోని ప్రాథమిక పారిభాషిక పదాలను తెలుగులో ఎలా చెప్పాలి అన్న ప్రశ్న ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉన్నదే. అయితే తిరుపతిలో దానికి ఉన్న పదును మరొకచోట అంతగా ఉండదు. ఈ పట్టణంలో సంస్కృతాంధ్రాలు బోధించే ప్రాచ్యకళాశాల ఉన్నది. 1939లో ఏర్పడిన ప్రాచ్యపరిశోధన సంస్థ ఉన్నది. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు, సంస్కృతం, ఆంగ్ల శాఖలు ఉన్నాయి. 1961లో విద్యాపీఠంగా మొదలై, 1987లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొంది, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా మారిన సంస్థ ఉన్నది. కువలయానందం చదివేవాడు, నరసభూపాలీయం చదివేవాడు, ఏబ్రమ్స్ 1957లో మొదటిసారి ప్రకటించిన సాహిత్య పదకోశం చదివేవాడు ఒకే వీధిలో గదులు అద్దెకు తీసుకొని, ఒకే బస్సులో ప్రయాణం చేస్తారు. ముగ్గురూ అలంకారమనే మాట ఎత్తుతారు. ముగ్గురి మనసులో ఉన్నదీ ఒకటి కాదు.

ఈ సమస్యకు ఈ ప్రాంతంలో ఒక పూర్వచరిత్ర కూడా ఉన్నది. చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలలోను, తరువాత కేంబ్రిడ్జిలోను చదివి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడైనవాడు. తెలుగులో అర్థశాస్త్ర గ్రంథం వ్రాసినవాడు కావడం చేత పరాయిభాషలోని శాస్త్రాన్ని తెలుగులోకి దించడంలో గల కష్టం ఆయనకు చేతిపనిగా తెలిసినదే. 1914లో వెలువడిన ఆయన కవిత్వతత్త్వ విచారము కళాపూర్ణోదయాన్ని నిలబెట్టి చూసినది పాశ్చాత్య విమర్శ కొలబద్దలతో. కథలో ఏకత ఉన్నదా, పాత్రలకు స్వభావం ఉన్నదా, కవికి ఊహాబలం ఉన్నదా అన్నవి ఆ ప్రశ్నలు. పండితలోకం ఆ గ్రంథంపై ఎంత ఆగ్రహించినా తెలుగు విమర్శ ఆ తరువాత పాతదారికి పూర్తిగా తిరిగిపోలేదు.

ఆ పుస్తకం ప్రచారంలోకి తెచ్చిన మాటల్లో భావనాశక్తి ముఖ్యమైనది. కోల్రిడ్జి మొదలైనవారు ఇమాజినేషన్ అన్నదానికి ఈ మాట నిలిచింది. వినడానికి ఎంతో హాయిగా ఉన్నది. తెలుగు చెవికి పరాయిదనిపించదు. కాని శాస్త్రాలు చదివినవాని చెవిలో భావన అన్న మాట ఒంటరిగా మ్రోగదు. మీమాంసకునికి భావన శాబ్దీ, ఆర్థీ అని రెండు విధాలైన వ్యాపారం. నైయాయికునికి వేగ స్థితిస్థాపకాలతో పాటు లెక్కించదగిన సంస్కారభేదం, స్మృతికి హేతువు. భట్టనాయకుడు చెప్పిన భావకత్వం విభావాదులను సాధారణీకరించే శక్తి. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని విభజించి, భావయిత్రిని కవికి గాక భావకునికి, అంటే సహృదయునికీ విమర్శకునికీ ఇచ్చాడు. (ఆయుర్వేదంలో మందును రసంతో నూరడం కూడా భావనే, దానిని ప్రస్తుతానికి వదిలివేయవచ్చు.) ఆ లెక్కన కవి ఊహాబలానికి భావనాశక్తి అని పేరు పెట్టినప్పుడు, రాజశేఖరుడు చదివిన విద్యార్థికి కవి ఆస్తి పాఠకుని పేర రిజిస్టరు అయినట్లు తోచడంలో ఆశ్చర్యం లేదు. రామలింగారెడ్డికి ఈ శాస్త్రార్థాలతో పని లేకపోయింది. ఆయన వ్రాసినది కొత్త విమర్శ; ఉద్దేశించిన పాఠకుడు ఆంగ్లం చదివిన తెలుగువాడు. పాఠ్యప్రణాళిక మాత్రం ఆయన గ్రంథాన్నీ రాజశేఖరుణ్ణీ ఒకే విద్యార్థి చేతిలో పెట్టింది. చిక్కు అక్కడ మొదలైనది.

సమానార్థకాల పట్టికల్లో ఎప్పుడూ మొదట కనబడే జంట సిమిలీ – ఉపమ, మెటఫర్ – రూపకం. మొదటి జంటతో పెద్ద ఇబ్బంది లేదు. ఆంగ్లంలో 'అయినట్లుగా' అన్న ధోరణిలో సాగే ఉత్ప్రేక్షలను కూడా కొన్నిసార్లు సిమిలీలోనే వేస్తారన్న హెచ్చరిక చేస్తే చాలు. రెండవ జంట విషయం వేరు. రూపకంలో ఉపమేయం, ఉపమానం రెండూ మాటల్లో ఉండాలి. ముఖం చంద్రుడు అన్నప్పుడు ముఖమూ ఉన్నది, చంద్రుడూ ఉన్నాడు. అప్పయ్యదీక్షితులు అభేదం, తాద్రూప్యం అని రెండుగా, ఒక్కొక్కదానిని ఆధిక్య న్యూన అనుభయాలతో మూడుగా విడదీసి ఆరు రూపకాలు చెప్పినా, ఈ మూలసూత్రం చెదరలేదు. ముఖం ఊసెత్తకుండా చంద్రుడు ఉదయించాడు అంటే, ఉపమేయాన్ని ఉపమానం మింగివేసినది గనుక, అది రూపకాతిశయోక్తి. ఆంగ్ల లాక్షణికునికి ఈ రెండూ మెటఫర్లే. మనవారు ఎంతో శ్రమించి గీసిన గీత ఒక్క అనువాదంతో చెరిగిపోతున్నది.

ఇంకొంచెం వెనక్కు వెళ్తే విషయం మరింత ఆసక్తికరమవుతుంది. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో మెటఫర్ అంటే ఒకదాని పేరును మరొకదానికి చేర్చడం. సామాన్యం నుండి విశేషానికి, విశేషం నుండి సామాన్యానికి, విశేషం నుండి విశేషానికి, సాదృశ్యాన్నిబట్టి అని ఆయన నాలుగు దారులు చెప్పాడు. వీటిలో నాలుగవదే మన సాదృశ్యమూలకమైన అలంకారాలకు దగ్గర. మొత్తం మీద చూస్తే ఆయన మెటఫర్ రూపకానికన్నా లక్షణావృత్తికి చేరువ. 'సింహో మాణవకః' అనే గౌణి, 'గంగాయాం ఘోషః' అనే శుద్ధ రెండూ అందులో ఇముడుతాయి. కనుక మెటఫర్ అంటే రూపకమని చెప్పే పట్టిక అలంకార ప్రకరణంలో వెదుకుతున్నదాన్ని శబ్దవృత్తుల ప్రకరణంలో వెదకవలసి ఉన్నది.

ఇక్కడే ఎదురుదిశ కూడా కొంత చూడాలి. 1936లో ఐ.ఎ. రిచర్డ్స్ మెటఫర్‌లోని రెండు భాగాలకు ఆంగ్లంలో నిర్దిష్టమైన పేర్లు లేవని గుర్తించి టెనర్, వెహికిల్ అనే మాటలు కల్పించాడు. యాస్కుడు నిరుక్తంలో ఉపమను చర్చించాడు. పాణిని సూత్రంలోనే ఉపమాన శబ్దం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దంలో కేంబ్రిడ్జి ఆచార్యుడు వెదుక్కున్న పరికరం మన దగ్గర రెండువేల యేండ్లకు పైగా వాడుకలో ఉన్నదన్నమాట. టెనర్, వెహికిల్ అనే మాటలు నిస్సంకోచంగా ఉపమేయం, ఉపమానం అని చెప్పదగినవి. అలా సరిపోయినచోట సరిపోయిందని ఒప్పుకోకపోవడం కూడా పిసినారితనమే. విచిత్రమేమంటే, కొన్ని తెలుగు విమర్శవ్యాసాలు ఆ రెండు మాటలకు కూడా 'ఆశయం', 'వాహకం' వంటి కొత్త మాటలు పుట్టించే ప్రయత్నం చేస్తాయి. ఇంట్లో బిందె ఉండగా కుమ్మరి ఇంటికి పోవడమిది.

మెటానిమీ విషయంలో తరగతిగది ఇంకా సులభం. తిరుపతిలో పుట్టిన పిల్లవానికి కొండ అంటే తిరుమల. 'ఈ పద్ధతికి కొండ ఒప్పుకోలేదు' అని ఎవరైనా అంటే ఒప్పుకోనిది రాళ్లూ చెట్లూ కావని, అక్కడి అధికారులని వానికి ఎవరూ చెప్పనక్కరలేదు. సంస్కృత పాఠంలో 'మంచాః క్రోశంతి' అని వచ్చే ఉదాహరణ ఇదే. మంచెలు అరవవు, వాటిమీద ఉన్నవారు అరుస్తారు. ముఖ్యార్థబాధ, తద్యోగం, రూఢి ప్రయోజనాలలో ఒకటి అని మూడు మెట్లు చూపి, కొండ మాటతో ముడిపెట్టి, దీనినే ఆంగ్లంలో మెటానిమీ అంటారని చెబితే పావుగంటలో పాఠం పూర్తి అవుతుంది. ఆంగ్లశాఖలో ఇదే భావం నిఘంటువాక్యంగా కంఠస్థం చేసేవారికి రెండు రోజులు పట్టవచ్చు.

ఐరనీకి తిరిగి వస్తే, దానికి అలంకారశాస్త్రంలో ఒక్క గది లేదు. నాలుగైదు గదుల్లో దాని సామాను ఉన్నది. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని చూసి 'చాలా తొందరగా వచ్చావు నాయనా' అంటే విపరీతలక్షణ. స్తుతి రూపంలో నింద, నింద రూపంలో స్తుతి వ్యాజస్తుతి. నాటకంలో పాత్రకు తెలియనిది ప్రేక్షకునికి తెలిసి ఉండడం వల్ల కలిగే ఐరనీకి పతాకాస్థానకం, గండం అనే పేర్లతో లక్షణకారులు వివరించిన సంవిధానాలు చేరువ. ఉత్తరరామచరితం ప్రథమాంకంలో రాముడు సీత విషయంలో తనకు అప్రియమైనది ఏదైనా ఉంటే అది విరహమొక్కటే అనుకుంటూండగా, ద్వారపాలిక వచ్చి 'వచ్చినది' అన్న అర్థంలో మాటాడుతుంది. ఆమె చెప్పినది దుర్ముఖుని రాకను గురించి. ప్రేక్షకునికి వినిపించినది విరహం రాక. ఇంతకన్న మంచి ఉదాహరణ ఏ భాషలోనైనా అరుదు. అయినా పతాకాస్థానకం ఒక క్షణంలో మెరిసి పోయేది. సోఫోక్లీస్ ఈడిపస్ నాటకంలో నాయకుడు తాను వెదుకుతున్న అపరాధి తానేనని ఎరుగకుండా నాటకమంతా నడుస్తాడు. క్షణికమైనదానికి ఉన్న పేరు నాటకమంతా వ్యాపించినదానికి చాలదు. అటువంటిచోట ఐరనీ అనే మాటనే ఉంచి, దానిని విప్పి చెప్పడమే మేలు. వ్యంగ్యం అనే ధ్వనిశాస్త్ర సంపదను మాత్రం దానికోసం అద్దెకివ్వరాదు.

ట్రాజెడీని విషాదాంతం అనడం ఇంతకన్న పాత అలవాటు. ఆ మాట నాటకం చివరి పుటను చూస్తుంది; ట్రాజెడీ అనే గ్రీకు భావన నాటకపు నడకను చూస్తుంది. యూరిపిడీస్ వ్రాసిన టారిస్ దేశపు ఇఫిజినియా కథలో అక్క చేతిలో తమ్ముడు బలి కావలసిన క్షణంలో ఒకరినొకరు గుర్తుపట్టి ఇద్దరూ బయటపడతారు. దానిని అరిస్టాటిల్ మెచ్చుకొన్నాడు, అది ట్రాజెడీయే, విషాదాంతం కాదు. ఇటువైపు భాసుని ఊరుభంగంలో దుర్యోధనుడు ప్రేక్షకుల ఎదుటనే కన్నుమూస్తాడు. కనుక అది ట్రాజెడీ అని వాదించేవారు, కాదనేవారు కూడా ముందు మాట అర్థం తేల్చుకోవలసి ఉంటుంది. ఈ విషయంలో బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యుల జాగ్రత్త మెచ్చదగినది. ఆయన తన సారంగధర నాటకానికి విషాదసారంగధరము అని పేరు పెట్టాడు. విషాదం అన్నాడు గాని అంతం అనలేదు. ఆ చివరి రెండక్షరాలు తరువాతివారి చేర్పు. కామెడీని సుఖాంతం అనడంలోనూ ఇదే పొరపాటు. ఆ లెక్కన అభిజ్ఞానశాకుంతలం పోయి అరిస్టోఫనీస్ ప్రక్కన కూర్చోవలసి వస్తుంది. ఇద్దరికీ అది అసౌకర్యమే.

కెథార్సిస్ మాటకు వచ్చేసరికి హిందీ విమర్శకులు విరేచన అనే మాట వాడారు. గ్రీకు మాటకు వైద్యసంబంధమైన అర్థం ఉన్నది గనుక ఆ అనువాదంలో శాస్త్రదోషం లేదు. తెలుగు తరగతిలో ఆ మాట పలికిన అధ్యాపకుడు మాత్రం మిగిలిన గంటసేపు పాఠం చెప్పలేడు. ప్రక్షాళనం అన్నా ఇబ్బంది తీరదు. అరిస్టాటిల్ ట్రాజెడీ నిర్వచనంలో ఒక్కచోట వాడి, విప్పి చెప్పకుండా విడిచిన మాట అది. దేహంలోని దోషాన్ని వెళ్ళగొట్టడమా, మనసును శుద్ధి చేయడమా అని యూరోపు పండితులే శతాబ్దాలుగా తర్కిస్తున్నారు. మూలంలో తేలని అర్థాన్ని అనువాదంలో తేల్చివేయడం సాహసం. కరుణ భయానకాలు రసస్థితిలో ఆనందమయం ఎలా అవుతాయన్న అభినవగుప్తుని చర్చను దాని ప్రక్కన పెట్టి చదివించవచ్చు. రెండూ ఒకటేనని చెప్పనక్కరలేదు.

ఛందస్సు దగ్గర ఈ గందరగోళం పరాకాష్ఠకు చేరుతుంది. అందుకు కారణం ఆంగ్లం కాదు. సంస్కృతానికీ తెలుగుకూ నడుమనే ఒక మాట అర్థం మార్చుకొన్నది. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో యతి అంటే వడి, అక్షరమైత్రి. సంస్కృత శార్దూలవిక్రీడితంలో 12వ అక్షరం తరువాత విరామం. తెలుగు శార్దూలంలో 13వ అక్షరం యతిస్థానం. మత్తేభంలో అక్కడ 13 తరువాత, ఇక్కడ 14వది. విరామం తరువాత వచ్చే తొలి అక్షరం పాదాదితో మైత్రి చేయవలసి రావడంతో, ఆగేచోటి పేరు కలిసేచోటికి సంక్రమించింది. ఆంగ్లంలోని సిజ్యూరాకు యతి అని అర్థం వ్రాసిన పదకోశం సంస్కృత విద్యార్థికి సరిగానే చెబుతుంది, తెలుగు విద్యార్థికి తప్పు చెబుతుంది. ప్రాచ్యకళాశాలలో ఆ ఇద్దరూ ఒకడే.

తెలుగు యతికి ఆంగ్లంలో సాటి వెదికితే అది సిజ్యూరా దగ్గర గాక, ప్రాచీనాంగ్ల కవిత్వంలోని అలిటరేషన్ దగ్గర దొరుకుతుంది. బేవుల్ఫ్ వంటి కావ్యంలో పాదం రెండు అర్ధభాగాలుగా విరుగుతుంది. రెండవ భాగంలోని మొదటి బలాక్షరం మొదటి భాగంలోని బలాక్షరాలలో ఒకదానితోనైనా, రెంటితోనైనా హల్లు కలుపుతుంది. అక్కడ ఏ అచ్చుకు ఏ అచ్చు అయినా చెల్లుతుంది; మన లాక్షణికులు అకార వర్గం, ఇకార వర్గం, ఉకార వర్గం అని కట్టుదిట్టం చేశారు. మైత్రి పాదాన్ని అతికే కీలు కావడం మాత్రం రెండుచోట్లా సమానం. పిమ్మటి ఆంగ్ల కవిత్వంలో అలిటరేషన్ ఆ నియమం పోగొట్టుకొని, మన వృత్త్యనుప్రాసలాగా చెవికి ఇంపు కోసం వచ్చే సొగసుగా మిగిలింది. కనుక అలిటరేషన్‌కు ఒక్క సమానార్థకం ఇవ్వడం సాధ్యం కాదు. ఏ శతాబ్దపు అలిటరేషన్ అని ముందు అడగాలి. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌను 1827లోనే తెలుగు సంస్కృత ఛందస్సులను ఆంగ్లంలో వివరిస్తూ గ్రంథం ప్రకటించాడు. ఆ రోజుల్లో దొరకు మన యతిప్రాసలు వివరించిన పండితులు రాయలసీమలో ఉండగా, ఈనాడు వాటినే మన విద్యార్థికి ఆంగ్లంతో పోల్చి చెప్పడం అసాధ్యం కానేరదు.

రైమ్ అంటే ప్రాస అనడం కూడా ఇటువంటిదే. తెలుగు ప్రాస పాదంలో రెండవ అక్షరం. రైమ్ పాదం చివరిది. అంత్యప్రాస అంటే సరిపోతుంది. ఫుట్ అంటే గణం అనడంలో మాత్రం లోతైన గుంట ఉన్నది. అయాంబ్ అంటే లఘువు మీద గురువు, అంటే వగణం అని చెప్పేస్తారు. గ్రీకు లాటిన్ ఛందస్సులకు ఇది చెల్లుతుంది. అవి కూడా ఉచ్చారణకాలాన్ని కొలుస్తాయి. ఆంగ్లం కొలిచేది ఊనిక. సిటీ అనే మాట చాలు. తెలుగులో వ్రాసినట్లు చూస్తే లఘువు, గురువు; అంటే అయాంబ్. ఆంగ్లంలో ఊనిక మొదటి అక్షరం మీద ఉన్నది గనుక అది తలక్రిందుగా ట్రోకీ అవుతుంది. గురులఘువులు గుర్తించడంలో ఆరితేరిన ప్రాచ్యకళాశాల విద్యార్థి షేక్స్పియర్ పాదానికి గణవిభజన చేస్తే తప్పుల తడకగా వస్తుంది. అది అతని అజ్ఞానం వల్ల కాదు. తనకు బాగా తెలిసిన విద్యను అది చెల్లనిచోట నమ్ముకోవడం వల్ల. బ్లాంక్ వర్స్‌ను వచనకవిత అనడం మరొక తరచైన పొరపాటు. మిల్టన్ 1667లో ప్రకటించిన పారడైజ్ లాస్ట్‌లో అంత్యప్రాస లేదు గాని ఛందస్సు ఉన్నది. ఆ మాటకొస్తే కాళిదాసు శ్లోకాలకూ అంత్యప్రాస నియమం లేదు. ఆయన వ్రాసినది వచనకవిత అని ఎవరూ అనరు.

మిగిలిన మాటలు కొన్నింటిని త్వరగా దాటవచ్చు. వస్తువు అంటే దశరూపకం చదివేవానికి కథాప్రణాళిక. ఆధునిక విమర్శలో శిల్పానికి ఎదురుగా నిలిచే విషయం. ఇతివృత్తాన్ని ప్లాట్ అనేవారూ, థీమ్ అనేవారూ ఉన్నారు. నాట్యశాస్త్ర సంప్రదాయం మొదటివారి పక్షం. సింబల్‌కు ప్రతీక స్థిరపడింది. వ్యాఖ్యానగ్రంథాలు చదివేవానికి ప్రతీక అంటే వ్యాఖ్యాత మూలం నుండి ఎత్తుకొనే మొదటి మాట. అయినా ఈ రెండర్థాలు ఒక ప్రశ్నపత్రంలో ఎదురుపడే అవకాశం తక్కువ గనుక దానిని అలా ఉంచవచ్చు. నేపథ్యం సంగతి ఇంకా తమాషా. తెర వెనుక అలంకరణగృహం కథకు పూర్వరంగమైపోయింది. దానితో పోట్లాడి లాభం లేదు, అపకారమూ లేదు. పర్సానిఫికేషన్‌ను మానవీకరణ అనడం మంచి అనువాదం. దానినే సమాసోక్తి అనడం మాత్రం కాదు. సమాసోక్తికి విశేషణసామ్యం కావాలి, మానవీకరణకు అక్కరలేదు.

అంటే మాట పాతదా కొత్తదా, మనదా పరాయిదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. ఒకే తరగతిగదిలో ఒకే విద్యార్థి ముందు ఒక మాట రెండు శాస్త్రాలలో రెండు పనులు చేస్తున్నదా అన్నదే ప్రశ్న. చేస్తున్నట్లయితే కొత్తగా వచ్చినదే పేరు మార్చుకోవాలి. వ్యంగ్యం, రూపకం, యతి, భావన ఆ కోవకు చెందినవి. నేపథ్యం, ప్రతీక చెందవు.

పేరు మార్చడమంటే కొత్త సంస్కృత సమాసాన్ని కల్పించడమే కానక్కరలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలతో పాటు వివిధ శాస్త్రాల పారిభాషిక పదకోశాలను కూడా ప్రచురించింది. ఆ కృషి గొప్పది. కాని వృక్షశాస్త్రంలోనో రసాయనశాస్త్రంలోనో కల్పించిన సంస్కృతపదానికి పూర్వజన్మ వాసనలు సాధారణంగా ఉండవు. సాహిత్యశాస్త్రంలో ప్రతి మాటకూ ఉంటాయి. కనుక ఇక్కడ మెటఫర్, ఐరనీ, కెథార్సిస్ అనే మాటలను తెలుగు లిపిలో అలాగే ఉంచి, లక్షణం చెప్పి, లక్ష్యం తెలుగు కావ్యం నుండి చూపడం శాస్త్రీయమైన పద్ధతి. దీనికి పండితులు అభ్యంతరం చెప్పవచ్చు. వేయి సంవత్సరాల అలంకారశాస్త్రం గల భాష ఆంగ్లపదాలను యాచించాలా అని వారు అడుగుతారు. ఆ అభిమానం గౌరవించదగినదే. అయితే జ్యోతిషం మన షడంగాలలో ఒకటి. అందులో హోర, కేంద్రం, ద్రేక్కాణం, జామిత్రం గ్రీకుమాటలే. వరాహమిహిరుడు వాటిని దాచుకోలేదు, మార్చలేదు. సంస్కృత విభక్తులు తొడిగి వాడుకొన్నాడు. జాతకం చెప్పించుకొనేటప్పుడు కేంద్రంలో గురువున్నాడని సంతోషించేవారు తరగతిలో ఐరనీ అనే మాట వినబడితే బాధపడనక్కరలేదు.

తెలుగు కూడా ఈ దారిలో ఒకసారి విజయవంతంగా నడిచింది. వీరేశలింగం 1878 నాటి తన రాజశేఖరచరిత్రమును వచనప్రబంధం అన్నాడు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఆంగ్లపు నావెల్ ధ్వనిని పట్టుకొని, కొత్త విశేషాలను గ్రహించేది అన్న సంస్కృత వ్యుత్పత్తి చెప్పి నవల అనే మాట చేశాడు. వచనప్రబంధం మరుగునపడింది, నవల నిలిచింది. తెలుగు కావ్యాలలో నవల అంటే స్త్రీ అన్న అర్థం పూర్వమే ఉన్నా ఎవరూ పొరపడలేదు. మాట నిలబడినది వ్యుత్పత్తి బలంతో కాదు, దానికి పోటీగా మరో శాస్త్రార్థం లేకపోవడం వల్ల.

ఈ విషయంలో తాళ్లపాకవారు నేర్పే పాఠం కూడా ఒకటి ఉన్నది. అన్నమాచార్యులు సంస్కృతంలో వ్రాసిన సంకీర్తనలక్షణాన్ని మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగు చేశాడు. తాము వ్రాసే రచనకు తామే లక్షణం చెప్పుకొన్న కుటుంబం అది. ఈనాడు ఆ సంకీర్తనలను లిరిక్ అని ఆంగ్లంలో వ్రాస్తున్నారు. మళ్ళీ లిరిక్‌ను భావగీతమని తెలుగు చేసి, అన్నమయ్య భావగీతాలు అంటున్నారు. పదమనీ సంకీర్తనమనీ సొంత లక్షణగ్రంథమే పేరు పెట్టిన రచన, సముద్రం దాటి వెళ్ళి, పేరు మార్చుకొని, తిరిగి తిరుపతికే పరాయిదిగా వచ్చింది. అన్యభాషాపదాన్ని తెచ్చుకోవడం వేరు. ఉన్న పేరును పోగొట్టుకొని దాని అనువాదానువాదాన్ని తెచ్చుకోవడం వేరు. మొదటిదానికి సమ్మతించినవారు రెండవదానికి సమ్మతించినట్లు కాదు.

ఇదంతా విద్యార్థి జీవికకు దూరమైన పండితచర్చ కాదు. భాషాప్రవీణ, విద్వాన్ పట్టాలతో ఉపాధ్యాయ ఉద్యోగాలకు వెళ్ళినవారి కాలం వేరు. ఇప్పుడు ప్రాచ్యకళాశాల నుండి వెళ్ళే విద్యార్థి అధ్యాపకుడు కావాలంటే పోటీపరీక్షలలో భారతీయ కావ్యశాస్త్రం, పాశ్చాత్య విమర్శ రెంటినీ ఎదుర్కోవాలి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం వారి నెట్ పరీక్ష 2012 నుండి పూర్తిగా జవాబును ఎన్నుకొనే పద్ధతికి మారింది. వ్యాసరూపంలో వ్రాసేటప్పుడు 'అలంకారశాస్త్రరీత్యా' అని ఒక మాట చేర్చి తప్పించుకొనే వీలుండేది. నాలుగు జవాబులలో ఒకదానిని గుర్తించవలసి వచ్చినప్పుడు ఆ వీలు లేదు. వ్యంగ్యమంటే ఏమిటని అడిగి ధ్వన్యర్థం, అధిక్షేపం రెండూ ఇస్తే, ఎక్కువ చదివినవాడే ఎక్కువసేపు తటపటాయిస్తాడు.

చేయవలసిన పని పెద్దది కాదు. ప్రశ్నపత్రం కూర్చేవారు ఏ శాస్త్రం దృష్టితో అడుగుతున్నారో ఒక్క మాటలో సూచించడం మొదటిది. దానికి ఏ సంఘమూ, ఏ నిధులూ అక్కరలేదు. రెండవది, 2022లో వేరు జిల్లాలైన తిరుపతి చిత్తూరు రెండింటిలోను ఉన్న కళాశాలల సంస్కృతాంధ్ర అధ్యాపకులు, ఆంగ్లాధ్యాపకులు కలిసి నూట ఇరవై మాటలకు మించని చిన్న పుస్తకం కూర్చడం. అందులో ఆంగ్లపదం తెలుగు లిపిలో ఉండాలి. దాని లక్షణం రెండు మూడు వాక్యాలలో ఉండాలి. మన శాస్త్రంలో దానికి చేరువైనది ఏది, ఎంతవరకు చేరువ, ఎక్కడ విడిపోతుంది అన్నది తప్పక ఉండాలి. సమానమన్న గుర్తు మాత్రం ఎక్కడా ఉండకూడదు. ఉదాహరణలు నన్నయనుండి గురజాడవరకు మన కవులవే కావాలి. షెల్లీ, కీట్సుల పాదాలకు అనువాదాలు కాదు. ఆంగ్లశాఖవారికి ఇందులో తక్కువ లాభం లేదు. ఉపమకు పూర్ణలుప్త భేదాలున్నాయని, లోపించిన అంగాన్నిబట్టి కువలయానందం లుప్తోపమలను ఎనిమిదిగా లెక్కించిందని తెలిసిన ఆంగ్ల విద్యార్థి, సిమిలీని గురించి తన ఆచార్యుడు చెప్పినదానికన్న రెండు మాటలు ఎక్కువే చెప్పగలడు.

ఆ పుస్తకంలో ఆరోపాలు అకారాదిగా ఉండాలా, శాస్త్రవిభాగాన్నిబట్టి ఉండాలా అన్నదానిపై అభిప్రాయభేదం తప్పదు. అకారాదిలో ఐరనీ ముందు వచ్చి, వ్యంగ్యం చాలా పుటల తరువాత వస్తుంది. రెంటినీ ఒకేచోట చూడవలసిన విద్యార్థికి అది అనుకూలం కాదు. శబ్దవృత్తులు, అలంకారాలు, రూపకభేదాలు, ఛందస్సు అన్న నాలుగు ప్రకరణాలుగా విభజించి, శబ్దవృత్తులతో మొదలుపెట్టడమే తగినది. మెటఫర్, మెటానిమీ, ఐరనీ మూడూ అప్పుడు లక్షణావ్యంజనల ప్రక్కనే, అవి నిజంగా కూర్చోవలసిన పీటలమీద కూర్చుంటాయి.